అవి దొందులు కావు

నెల్లూరు,
1961 నవంబరు 20.

అన్నా,

ఈ ఉత్తరం ఇవాళే రాయకపోతే పని చెడుతుంది. నాకు చేపలు కావాలి. తినడానికి కాదు. నవ్వకుండా చివరిదాకా చదువు. చదివాక అమ్మకు కూడా వినిపించు.

నేనుంటున్న కరుణాకుమారి గారింట్లో ఒక గాజుతొట్టి ఉందని లోగడ రాశాను కదా. మూడడుగుల పొడవు. అడుగున పెన్న ఇసుక పోసి, రిబ్బన్లలాంటి ఆకుల నీటిగడ్డి నాటి, ముందుగది కిటికీ పక్కన పెట్టారు. గోరంత రంగుచేపలు పదకొండు ఆ ఆకుల మధ్య తిరుగుతుంటాయి. వాటిని ఆమె మద్రాసు నుంచి రైల్లో ఒళ్లో పెట్టుకొని తెచ్చుకున్నారు. మా ట్రైనింగు బడిలో సైన్సు చెప్పే మనిషి ఇంట్లో కూడా సైన్సుతోనే కాపురం చేస్తున్నారని పిల్లలు నవ్వుకుంటారు.

ఇప్పుడు అసలు సంగతి. మద్రాసులో ఒక ఆడపిల్లల బడివారు ఇలాంటి తొట్లతో ఒక గదే ఏర్పాటు చేస్తున్నారు. వాటిని చూసుకోవడానికి, తెలుగు పిల్లలకు వాటి గురించి చెప్పడానికి ఒక అమ్మాయి కావాలట. పని చేసుకుంటూ అక్కడే పై చదువు చదువుకోవచ్చు. ఆ బడి పెద్దమ్మగారు జనవరి 20న కరుణాకుమారి గారింటికి వస్తారు. ఆమె ముందు నిలబడడానికి మా బడి నుంచి ఇద్దరి పేర్లు ఇచ్చారు. ఒకటి ఎలిశబెతుది, ఒకటి నాది.

తొట్టిలో ఒక లోపం ఉంది. చేపలు తినగా మిగిలిన మేత అడుగుకు దిగి కుళ్లుతోంది, నీరు వాసన వస్తోంది. ఇసుక మీద తిరిగే చేపలు నాలుగుంటే ఆ మిగులు తినేస్తాయి. "వాటిని నువ్వే ఎంచు అంకాలమ్మా. చేపలు పట్టే ఇంటిదానివి. పెద్దమ్మగారు నిన్ను అడిగేదీ అదే, ఏ చేపను ఎందుకు పెట్టావని" అన్నారు కరుణాకుమారి గారు.

అన్నా, నేను పదేళ్లకే హాస్టలుకు వచ్చేశాను. నాకు ఎండుచేపలు తెలిసినంతగా బతికిన చేపలు తెలియవు. ఎంచవలసింది నువ్వే. ఏవి మంచివో రాయి.

అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది?

నీ చెల్లెలు,
అంకాలమ్మ

*

తిప్పకుప్పం,
నవంబరు 29.

చెల్లెలు అంకాలుకు అన్న ముత్యాలయ్య రాసేది.

అమ్మ బాగుండాది. కోడి పద్నాలుగు గుడ్లు పొదిగితే పదకొండు పిల్లలైనాయి. నీ ఉత్తరం వినిపిస్తే అమ్మ ఏమనిందో తెలుసా? "చేపల్ని ఇంట్లో పెట్టి మేపతారంటనా! మేపి కూర గూడా చెయ్యరంటనా! ఆ యమ్మకు పిల్లల్లేరేమో పాపం" అనింది.

అడుగు చేపలకు మన కాడ కరువా మే? జెల్లలు పంపనా? మీసాలుంటాయి, మీ బళ్లో అయ్యవార్ల మాదిరి. బొమ్మిడాయి పంపితే పామనుకోని మీ వంటామె ఊరిడిసి పోతాది. మట్టగిడసలు పంపితే తొట్లోనుంచి దూకి, వీధి దాటి, పెన్నలో తేలతాయి. ఏది కావాలో చెప్పు. చదువుకున్నదానివి, నువ్వు చెప్తే నేను పడతా.

ఒకటి అడగతా. మద్రాసు అంటా ఉండావే, ఎన్నాళ్లు? మొన్న మామ వచ్చినాడు. కొడుకు పెంచలయ్య కొత్త వల కట్టుకున్నాడంట. ఊరికే రాస్తా ఉండా.

ఇట్లు,
ముత్యాలయ్య

*

నెల్లూరు,
డిసెంబరు 5.

అన్నా,

నీ ఉత్తరం చదివి కరుణాకుమారి గారికి కూడా వినిపించాను. మీసాల మాట దగ్గర కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. పిల్లల మాట చదవకుండా దాటేశాను. ఆమె పెళ్లి చేసుకోలేదు.

నువ్వు చెప్పినవన్నీ ఆమెతో కూర్చుని ఆలోచించాను. జెల్లకు మీసాలతో పాటు ముల్లు ఉంది, నోరు పెద్దది, గోరంత చేపలు దానికి ఒక పూట తిండి. బొమ్మిడాయి ఇసుకలో దూరి మొక్కల వేర్లు పెళ్లగిస్తుంది. మట్టగిడస సంగతి నువ్వే చెప్పావు. పైగా మన ఊరి సరస్సులోని ఉప్పునీటివి ఏవీ వద్దు. కాలవలోని మంచినీటివే కావాలి. మొక్కను కదపకూడదు, తోటి చేపను తినకూడదు, నేల మీద పడింది ఏరుకు తినాలి. మనుషుల్లోనే దొరకడం కష్టం అన్నారామె.

చిన్నప్పుడు కాలవలో మన కాళ్లకు తగిలే చారల సన్నచేప గుర్తుందా? ఇసుక నోట్లో పోసుకుని, నమిలినట్టు నమిలి, చెంపల పక్కనుంచి వదిలేసేది. మనం దాన్ని ఇసుకనమిలి అనేవాళ్లం. వేలెడు కూడా ఉండదు, కూరకు పనికిరాదని అందరూ పారేసేవాళ్లు. నాకు అదే కావాలి. నాలుగు చాలు. దొందులు మాత్రం కలవకుండా చూడు. ఇసుక రంగులో రాయిలాగా పడి ఉండి, దగ్గరికి వచ్చినదాన్ని మింగేస్తాయని అమ్మ చెప్పేది.

మద్రాసులో రెండేళ్లు. మామతో పెంచలయ్య సంగతి ఇప్పుడేమీ అనవద్దు. తర్వాత చూద్దాం. రెండేళ్లు ఎంతలో గడుస్తాయి?

ప్రేమతో,
అంకాలు

*

తిప్పకుప్పం,
డిసెంబరు 18.

అంకాలూ,

చేపల్ని పోలేరయ్య తాత చేతికి ఇచ్చి పంపతా ఉండా. ఎండుచేపల గంపతో రేపు సూళ్లూరుపేటలో రైలెక్కతాడు. ముంత మూతికి తడిగుడ్డ కట్టినా. నాలుగుండాయి. రాంగనే తొట్లో వదులు.

ముత్యాలయ్య

*

నెల్లూరు,
డిసెంబరు 27.

అన్నా,

ముంత చేరింది. నాలుగూ బతికే ఉన్నాయి. పోలేరయ్య తాత రైల్లో ముంతను కాళ్ల మధ్య పెట్టుకుని, టిక్కెట్టు అడిగినాయనతో "ఇంట్లో వాళ్లండీ, చిన్నపిల్లలు, టిక్కెట్టు లేదు" అన్నాడట.

కానీ ఒక అనుమానం. వీటికి చారలు లేవు, మచ్చలున్నాయి. ఇసుక నమలడం లేదు. ఇసుక మీద పొట్ట ఆనించి, తల ఎత్తి, పొద్దస్తమానం కదలకుండా చూస్తుంటాయి. నాకు దొందు పిల్లల్లాగా అనిపించాయి. కరుణాకుమారి గారు కూడా పుస్తకం తీసి ఒక బొమ్మ చూపించి "ఇది మాంసం తినేది కదూ?" అన్నారు. తెలియక మొదట తొట్లో వదిలేశాను కానీ, నీ జవాబు వచ్చేదాకా ఉండనీ అని వాటిని తీసి వేరే గంగాళంలో ఉంచాను.

నువ్వు ఇంత చిన్న ఉత్తరం ఎప్పుడూ రాయలేదు. అమ్మకు ఒంట్లో బాగుందా? వెంటనే రాయి.

నీ చెల్లెలు,
అంకాలు

*

తిప్పకుప్పం,
1962 జనవరి 4.

అంకాలూ,

అవి దొందులు గావు. దొందును చూడని మొగమా నాది? కాలవలో దొరికే చిన్న జాతి ఇది. వేలెడు మించి పెరగదు. నాచు, కుళ్లింది తింటాది. చేపల జోలికి పోదు. నీ ఇసుకనమిలివి ఈ ఏడు వానలకు కొట్టుకోని పొయినాయి, ఒక్కటి గూడా దొరకలేదు.

పదేళ్లు బళ్లో కూర్చోని నువ్వు నీళ్లు మరిచిపొయినావు మే. ఆ యమ్మ పుస్తకం రాసినోడు మన కాలవలో దిగినాడా? పుస్తకం నమ్మతావో, పుట్టినప్పట్నుంచి నీళ్లలో ఉండే అన్నను నమ్మతావో నీ ఇష్టం.

అమ్మ అడిగినట్టు రాయమనింది.

ముత్యాలయ్య

*

నెల్లూరు,
జనవరి 12.

అన్నా,

కోపం తెచ్చుకోకు. నిన్ను కాకపోతే ఎవర్ని నమ్ముతాను? నీ ఉత్తరం రాగానే వాటిని తొట్లోకి మార్చేశాను. కరుణాకుమారి గారు "నీకు నమ్మకమేనా?" అని రెండుసార్లు అడిగారు. "మా అన్న చెప్పాడండీ, పూచీ నాది" అన్నాను. ఆమె పుస్తకం మూసేశారు.

ఇప్పుడొక కష్టం వచ్చింది. రంగుచేపలు తగ్గిపోతున్నాయి. పదకొండు ఉండవలసినవి మొన్న తొమ్మిది, ఇవాళ ఆరు. ఎక్కడా చచ్చి తేలలేదు. తొట్టికి మూత ఉంది, పిల్లి రాలేదు. నీ చేపలు అలాగే రాళ్లలాగా పడి ఉన్నాయి, పాపం, వాటికేమీ తెలియదు.

నా అనుమానం ఎలిశబెతు మీద. వారానికి రెండుసార్లు నోటుపుస్తకం కావాలని వస్తుంది, తొట్టి దగ్గరే నిలబడుతుంది. ఇరవయ్యో తేదీకి తొట్టి ఖాళీగా ఉంటే ఎవరికి లాభం? నిన్న ఆ మాటే కరుణాకుమారి గారితో అనేశాను. ఆమె నా ముఖం వైపు చూశారంతే. తప్పు చేశానా? చేపలు మాయమైతే నీ అనుభవంలో ఏమై ఉంటుందో రాయి. ఎనిమిది రోజులే ఉన్నాయి.

అంకాలు

*

నెల్లూరు,
జనవరి 24.

ముత్యాలయ్యకు,

నా ఉత్తరానికి నువ్వు జవాబు రాయలేదు. ఎందుకు రాయలేదో నిన్న తెలిసింది. అయినా మొదటినుంచీ రాస్తాను. నువ్వు తెలుసుకోవాలి.

ఇరవయ్యో తేదీ పొద్దున పదిగంటలకు పెద్దమ్మగారు వచ్చారు. తొట్లో రెండే రంగుచేపలున్నాయి. ఎలిశబెతు పక్కన నిలబడి ఉంది. "అడుగున ఏ చేపను పెట్టావమ్మా? ఎందుకు?" అని నన్నడిగారు. నువ్వు రాసింది రాసినట్టు చెప్పాను. కాలవలో దొరికే చిన్న జాతి, నాచు తింటుంది, చేపల జోలికి పోదు అన్నాను. ఆమె కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూసి, "ఇది దొందు పిల్ల కదమ్మా! మా వంటామె వారానికి రెండుసార్లు పులుసు పెడుతుంది" అన్నారు. తర్వాత మెల్లగా, "చేపలు పట్టే ఇంటి పిల్లవట. దీన్ని గుర్తుపట్టలేదా?" అన్నారు.

గుర్తుపట్టానని ఎలా చెప్పను? గుర్తుపట్టి కూడా మా అన్న మాట విని వదిలానని చెబితే నీ పేరు పోతుంది. నోరు మూసుకున్నాను. ఎలిశబెతును తీసుకున్నారు. వెళ్లేముందు ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని "బాధపడకు, మళ్లీ వస్తారంట" అంది. దొంగ అని నేను నిందవేసిన పిల్ల.

అప్పటికి కూడా నువ్వు పొరబడ్డావనే అనుకున్నాను. నిన్న పోలేరయ్య తాత ఎండుచేపల గంపతో వచ్చాడు. మంచినీళ్లు ఇచ్చి, అన్న ఎలా ఉన్నాడని అడిగాను.

"పెళ్లికొడుకు ఎట్టుంటాడు మే? బో హుషారుగా ఉండాడు."

"ఎవరి పెళ్లి తాతా?"

"అదేంది, నీకు తెలవదా? కుండమార్పిడి గదా! నువ్వు పెంచలయ్యకు, వాని చెల్లెలు కామాక్షి మీ అన్నకు. రొండు పెళ్లిళ్లూ ఒకే పందిట్లో. ఒకటి జరగకపోతే రొండోది గూడా లేదు. నువ్వు ఒప్పుకున్నావనే గదా మీ అన్న మామకు మాటిచ్చింది!"

అంతలో ఆయన తొట్టి వైపు చూసి, "దొందులు బాగా బలిసినాయే!" అన్నాడు.

"దొందులు కావంట తాతా. అన్న రాశాడు."

"నాకు చెప్తావా మే? అరవై ఏళ్లు దొందులు తినిన నోరు ఇది. ఆ పొద్దు ముంతలో ఇసుకనమిలివి ఉండాయి, నిండా. నేను చూసినా. నేను రైలుకు బయల్దేరే ముందునాడు మీవోడు వాటిని కాలవలో పారబోసి, దొందు పిల్లల్ని ఏరుకోనొచ్చి పోసినాడు. ఏందిరా అబ్బయా అంటే, నా చెల్లెలు ఇవే అడిగింది తాతా అన్నాడు."

వానలకు కొట్టుకుపోయాయని రాశావు. ఒక్కటి కూడా దొరకలేదని రాశావు.

నీకు చదువు ఎక్కడ వచ్చింది? నేను సెలవులకు వచ్చినప్పుడు, బోర్లించిన పడవ పొట్టమీద బొగ్గుతో దిద్దించాను. బడి పుస్తకం మాటలు నీకు పట్టుబడలేదని చేపల పేర్లతో మొదలుపెట్టాను. జెల్ల. పరిగె. దొందు. ఆ మాట రాయడం నేర్పింది నేనే. అదే మాటతో నాకు అబద్ధం రాశావు.

నిజమేనా కాదా, అంతే రాయి.

అంకాలమ్మ

*

తిప్పకుప్పం,
ఫిబ్రవరి 2.

అంకాలూ,

నిజమే.

మూడు తూర్లు రాసి చించినా. ఇది నాలుగోది. మన రేవు కట్టుబాటు నీకు తెలుసు. పెళ్లిగాని వానికి సరస్సులో వల వేసే వంతు లేదు. నాకు ఇరవయ్యారు. నాయన పొయిన కాడినుంచి ఇంకొకరి పడవలో, ఇంకొకరి వంతులో వల లాగతా ఉండా. నాకంటే చిన్నోళ్లు వంతు చీట్లకు కూర్చుంటే నేను గట్టున నిలబడతా ఉండా. మామ కామాక్షిని ఇస్తానన్నాడు, నువ్వు ఆ ఇంటికి వస్తేనే. నువ్వేమో రెండేళ్లు ఎంతలో గడుస్తాయి అని రాసినావు. కామాక్షిని రెండేళ్లు కూర్చోబెడతారా?

నువ్వు బళ్లో కూర్చోనుండింది నేను వల లాగబట్టే. ఇన్ని ఉత్తరాలు రాసినావే, అమ్మ మోకాళ్లు అడిగినావు, చేపలు అడిగినావు, అన్నా నీ సంగతేంది అని ఒక్క తూరి అడిగినావా?

ఆ పొద్దు ఇసుకనమిలివి పట్టేటప్పుడు నాకు వేరే ఆలోచన లేదు. నీ మీద ఒట్టు. కాలవ గట్టున మామ ఎదురొచ్చి, ఈ మాఘమాసంలోనే కానిద్దామా అన్నాడు. అప్పుడు పారబోసినా.

నీకు చెప్పి అడిగుంటే ఒప్పుకోనుండవు. అందుకే చెప్పలేదు. ఆ పని ఎట్టాగూ పొయింది గదా. ఇంటికి రా. పెంచలయ్య మంచోడు, తాగడు. ఫిబ్రవరి 22న తాంబూలాలు అనుకున్నారు. అమ్మకు చేపలు మార్చిన సంగతి తెలవదు. నువ్వు ఒప్పుకున్నావనే అనుకుంటా ఉండాది. నీ కోసం పసుపు కొమ్ములు ఎండబెట్టింది.

ముత్యాలయ్య

*

నెల్లూరు,
ఫిబ్రవరి 9.

అన్నా,

మళ్లీ అన్నా అనే రాస్తున్నాను. నీ ఉత్తరంలో ఒక మాట నిజం. నీ సంగతి నేను ఒక్కసారి కూడా అడగలేదు. గట్టున నిలబడి ఉంటావని నాకు తెలిసే ఉండాలి. తెలియలేదు. అది నా తప్పు. ఆ తప్పుకు నువ్వు నన్ను తిట్టవచ్చు, రైలెక్కి వచ్చి ఈ గుమ్మంలో కూర్చుని అరవవచ్చు. "అంకాలూ, వెళ్లొద్దు, నా బతుకు ఆగిపోయింది" అని ఒక కార్డు ముక్క రాసి ఉంటే నేను ఏం చేసేదాన్నో నాకే తెలియదు. ఏడ్చేదాన్ని. బహుశా ఆగేదాన్ని కూడా. నువ్వు ఆ అవకాశం నాకూ ఇవ్వలేదు, నీకూ ఇచ్చుకోలేదు. ముంత పారబోయడం నీకు సులువనిపించింది.

ఎలిశబెతు ఇంటికి వెళ్లి, "నిన్ను దొంగవన్నాను" అని ఆ పిల్లకు నా నోటితోనే చెప్పాను. ఆ పిల్ల లేచి వంటింట్లోకి వెళ్లింది. తర్వాత కాఫీ ఇచ్చింది. కరుణాకుమారి గారికి కూడా అంతా చెప్పాను. ఆమె నన్ను ఇంట్లోంచి పొమ్మనలేదు. ఇరవయ్యో తేదీనే సీసాలోకి తీసి పెట్టిన రెండు రంగుచేపల వైపు చూసి, "దొందులు తమ గుణం దాచుకోలేదమ్మా. మనమే చూసి కూడా చూడలేదు" అన్నారు. ఆ మనమే అన్న మాట నన్ను ఇంకా కోస్తోంది. ఆమె చూశారు. చూడనిది నేనొక్కదాన్నే.

ఇక తాంబూలాల సంగతి. నేను రాను. మద్రాసు పోయింది కాబట్టి ఇంటికి వస్తాననుకున్నావు. ఏప్రిల్‌లో ట్రైనింగు పూర్తవుతుంది. ఏ ఊళ్లో బడి ఇస్తే ఆ ఊరికి వెళతాను. పెంచలయ్య మంచివాడే కావచ్చు. నన్ను అడగకుండా నేను ఒప్పుకున్నానని చెప్పి నన్ను ఇచ్చేశారు. కుండకు బదులు కుండ ఇచ్చేవాళ్లు కూడా ముందు వేలితో కొట్టి చూస్తారు. నన్ను ఎవరూ తట్టి చూడలేదు.

నీకు వంతు రాకూడదని నాకు లేదు. మార్పిడి లేకుండా కామాక్షిని ఇమ్మని మామను అడుగు. పెళ్లిగాని వాడికి వంతు లేదన్న కట్టుబాటు మార్చమని పెద్దల్ని అడుగు. ఆ అడగడానికి కాగితం కావాలంటే నేనే రాసి ఇస్తాను, ఎన్నిసార్లయినా. కానీ ముందు నువ్వు చేయవలసింది ఒకటుంది. నేను ఒప్పుకోలేదనీ, ఒప్పుకున్నానని నువ్వే అబద్ధం చెప్పావనీ మామకు, అమ్మకు నీ నోటితో చెప్పాలి. చెప్పానని నాకు రాయాలి.

నువ్వు రాయకపోతే, పద్దెనిమిదో తేదీ సాయంత్రం టపా చూసుకుని, నేనే మామకు ఉత్తరం రాస్తాను. దొందులు, ఇసుకనమిలివి, ముంత, అన్నీ రాస్తాను. తాంబూలాలకు ముందే అది చేరుతుంది. మన తిప్పకుప్పంలో చదవడం వచ్చింది నీ ఒక్కడికే. మామ ఆ ఉత్తరాన్ని నీ చేతికే ఇస్తాడు. పెద్దలందరూ కూర్చుని ఉండగా, అమ్మ వింటూ ఉండగా, పైకి చదవమంటాడు. అప్పుడు రాసింది రాసినట్టు చదువుతావో, మళ్లీ అవి దొందులు కావని చదువుతావో, ఇక్కడినుంచి నేను చూడలేను.

నీకు ఆ గతి పట్టకూడదనే ముందు నీకు రాస్తున్నాను. ఫిబ్రవరి 18 లోపల జవాబు నాకు అందాలి.

అంకాలు